తోసేవాళ్ళు లేనిచోట

పేపర్లో వేశారు. లోపలి పేజీ అడుగున, ఎరువుల ప్రకటన పక్కన, తపాలా బిళ్ళంత ఫొటో. ఫలానా వారి సతీమణి, ఫలానా వారి వదినగారు, ఫలానా వారికి పెత్తల్లి, దైవభక్తురాలు, వృద్ధాప్యంతో కన్నుమూశారు. అంతే. ఎనభై ఏళ్ళు దాటి బతికిన మనిషిని ముగ్గురు మగవాళ్ళ పేర్ల మధ్య ఇరికించి ముగించేశారు. కారు మాటే లేదు. కృష్ణానది పేరెత్తకుండా ముక్త్యాల గురించి రాసినట్టుంది. పేపరు విసిరేశాను. మళ్ళీ తీసి ఆ ముక్క కత్తిరించి పెట్టుకున్నాను.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు సామాన్ల డబ్బాల మీద నేర్చుకున్నాను. తెలుగు వాక్యం ఆదివారం గుళ్ళో పాస్టరుగారి నోట విని, పకోడీలు కట్టిచ్చిన కాగితాల్లో చదివి నేర్చుకున్నాను. రాయడం నా పని కాదు. కానీ రాయడమే పనైనవాళ్ళు ఇలా రాస్తుంటే నేను చేతులు కట్టుకుని కూర్చోలేను.

ఆవిడ పేరు రాయను. ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ నాకు తెలీదు. జగ్గయ్యపేటలో ఎదురుగా అమ్మగారూ అనేవాళ్ళు, చాటున కారమ్మగారనేవాళ్ళు. ఆవిడకు రెండోది కూడా తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనపడలేదు.

మనిషి పొడుగు, సన్నం. తెల్లచీర. కారెక్కేముందు కొంగు నడుముకు తిప్పి బిగించి దోపేది, నాట్లకు దిగే మనిషిలాగా. ఎక్కి కూర్చున్నాక కుడిచెయ్యి తలుపు మీద ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేది. కొత్తవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటోందనుకునేవాళ్ళు. కాదు. ఇంజను వింటోంది.

ఎవరేం చెప్పినా "తర్వాత?" అనేది. వెక్కిరింతా కాదు, ఆశ్చర్యమూ కాదు. నిజంగానే తర్వాతేమిటో కావాలి ఆవిడకు. ఒకసారి మునసబుగారు కారుకి అడ్డంగా నుంచుని, ఆడవాళ్ళు స్టీరింగు పట్టడం ఎందుకు తగదో శాస్త్రం దగ్గర్నుంచి సర్కారు దాకా వివరంగా చెప్పాట్ట. అంతా విని "తర్వాత?" అందిట. తర్వాత ఆయన పక్కకి తప్పుకున్నాడు.

కారు సంగతి చెప్పాలి. రెండు సీట్ల ఇంగ్లీషు కారు, ముదురాకుపచ్చ రంగు, పొడుగు ముక్కు, పైన కప్పుండదు. పందేల్లో పరిగెత్తడానికి చేసిన ఇంజను. సీమకు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర మద్రాసులో ఆవిడ భర్త కొన్నాడు. ఆయన దాన్ని తోలింది తక్కువ, తుడిచింది ఎక్కువ. జొన్నకోతలయ్యాక ఖాళీ చేలో ఆవిడకు తోలడం నేర్పాట్ట, ఊరికి తెలియకుండా. తర్వాత జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. కారు బండ్ల కొట్టంలో చొప్పవాము పక్కన మిగిలింది, ఆవిడ ఇంట్లో మిగిలింది. ఏడాది తిరిగాక ఒక పొద్దున ఆవిడ కొట్టంలోకి వెళ్ళి, గుడ్డ లాగి, కారు తీసి చిల్లకల్లు దాకా పోయి వచ్చింది. ఆ వారం పేటలో ఇంకో మాట లేదు.

ఇదంతా యాభైల చివరి సంగతి. అప్పుడే ఆ కారుకి సెల్ఫు మోటారు కాలిపోయింది.

ఇప్పటివాళ్ళు మీట నొక్కుతారు, బండి కదులుతుంది. నొక్కిందేమిటో, కదిలించిందెవరో అడిగే పాపాన పోరు. కాబట్టి చెబుతున్నా. ఇంజను తనంతట తాను లేవలేదు. మొదటి చుట్టు ఎవరో ఒకరు తిప్పాలి. ఆ తిప్పేది సెల్ఫు మోటారు. కరెంటు తగలగానే దాని చిన్న పళ్ళచక్రం ముందుకి దూకి, ఇంజను పెద్దచక్రం చుట్టూ ఉన్న పళ్ళ కడియాన్ని పట్టుకుని తిప్పి, ఇంజను లేవగానే వదిలేసి వెనక్కి వచ్చేస్తుంది. అది లేకపోతే రెండే దార్లు. ముందు హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాలి, లేదా వెనక నుంచి మనుషులు తోయాలి.

హ్యాండిలు తిప్పుదామని వాళ్ళ పెద్దపాలేరు పూనుకున్నాడు. పందెపు ఇంజను కదా, మామూలు కార్లలా లొంగి తిరగదు, ఎదురు తన్నుతుంది. తన్నింది. పాలేరు మణికట్టు విరిగింది. ఆవిడ మరిదిగారు వెంటనే ఆ హ్యాండిలు తన గదిలో పెట్టి తాళం వేశాడు.

"ఇంతమంది మనుషులుండగా నీకీ ఇనుములెందుకు వదినా? ఎప్పుడు కావాలంటే అప్పుడు తోస్తారు" అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టండి చూద్దాం. పట్టలేరు. అంత మర్యాద.

మా మెట్టవైపు మర్యాదలెక్కువ. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు, వెళ్ళే పని చెడుతుందంటారు. ఎందాకా అంటారు. అడిగినట్టుండదు, పలకరించినట్టుంటుంది. కానీ పలకరిస్తే జవాబు చెప్పి తీరాలి. నలుగురు మనుషులు కారు వెనక చేతులానించి, నడుం వంచి, తోసేముందు తలెత్తి "ఎందాకమ్మా?" అనేవాళ్ళు. మన కోసం వంగిన నలుగురికి జవాబు చెప్పకుండా ఎలా ఉంటాం? "వత్సవాయి దాకా" అనేది. సాయంత్రం వాళ్ళు మరిదిగారి అరుగు దగ్గర చేరి "అమ్మగార్ని వత్సవాయి సాగనంపామండి" అనేవాళ్ళు. అది చాడీ కాదు. చేసిన పని చెప్పుకోవడం. మరిదిగారు ఒక్కరోజు కూడా ఆరా తియ్యలేదు, తియ్యాల్సిన అవసరమే లేదు. ఆవిడ గడప దాటి ఎక్కడికెళ్ళిందో దీపాలు పెట్టేవేళకి ఆయన ఒళ్ళో వచ్చి పడేది.

ఆవిడ వాలు చూసి ఆపడం అలవాటు చేసుకుంది. చెరువుకట్ట ఎక్కే దారిలో ముక్కు కిందికి పెట్టి ఆపేది, వంతెన దిగే చోట ఆపేది. బ్రేకు వదిలితే దానంతట అది దొర్లి ఇంజను లేచేది. కానీ ఊళ్ళన్నీ వాలు మీద కట్టరు కదా. చుట్టమింటి ముందు ఆగితే అక్కడా నలుగురు, అక్కడా ఎందాకా.

నాకప్పుడు నందిగామలో బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల బ్యాటరీల కొట్టు. డైనమోలకీ సెల్ఫులకీ తీగె చుట్టేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆ ఆకుపచ్చ కారు వచ్చి ఆగింది. కాఫీ హోటల్లో జనమంతా గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. ఆవిడ దిగి, తిన్నగా లోపలికొచ్చి, బ్యాటరీల పెట్టె మీద కూర్చుంది. మాలాంటివాళ్ళ కొట్లో ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు.

"ఏమయ్యా, సెల్ఫులు చూసేది నువ్వేనా?"

"నేనేనండి."

"ఇది బాగవుతుందా, మార్చాలా? ఉన్నమాట చెప్పు."

విప్పి చూశాను. తీగె మాడి బొగ్గయింది, ఇరుసు వంగింది. "మార్చాలండి" అన్నాను.

"తర్వాత?"

"తర్వాతేముందండీ. అచ్చంగా ఇలాంటిది సీమ నుంచి రావాలి. తెప్పించాలంటే సర్కారు లైసెన్సివ్వాలి. ఒక్క సెల్ఫు కోసం ఎవరిస్తారండీ?"

"తర్వాత?"

ఆ మాట ముందు నుంచున్నవాడికి ఏదో ఒక ఆలోచన వచ్చి తీరాలి. "వేరే బండిది ఏదైనా సరిపోతుందేమో వెతుకుతానండి" అన్నాను. ఊఁ అని లేచింది. బయట అప్పటికే హోటలు జనం కారు వెనక వరస కట్టి ఉన్నారు. నడుములు వంగాయి, తలలు లేచాయి. ఎందాకమ్మా? ఆవిడ ముందుకే చూస్తూ "పేట దాకా" అంది. ఆ గొంతు విన్నాక గానీ ఆవిడ నన్ను అడిగిందేమిటో నాకు అర్థం కాలేదు.

వెతుకులాటలో ఉండగా మరిదిగారు వచ్చాడు. తెల్లటి లాల్చీ, చేతిలో పొన్నుకర్ర. కొట్లోకి రాలేదు, వీధిలోనే నుంచున్నాడు.

"మా వదినగారి కారుకి ఏదో సామాను వెతుకుతున్నావంటగా?"

"వెతుకుతున్నానండి."

"వెతుకు, వెతుకు. తొందరేం లేదు. దొరకలేదని మాత్రం చెప్పకు, పాపం బాధపడుతుంది. వెతుకుతున్నానని చెబుతూ ఉండు."

నవ్వుతూనే అన్నాడు. మా కొట్టుకొచ్చే బ్యాటరీల్లో సగం వాళ్ళ లారీలవీ ట్రాక్టర్లవీ. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మంట ఇప్పటికీ ఉంది, ఆయన పోయి ఎన్నేళ్ళయినా.

బెజవాడ పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి మూడు మోటార్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడకి కబురంపితే వచ్చింది.

మొదటిది లారీది, గుమ్మడికాయంత ఉంది. బలం సంగతి చెప్పబోయాను.

"దీన్ని పెడితే మరి నేనెక్కడ కూర్చోను?" అంది. దాన్ని కింద పెట్టేశాను.

రెండోది అదే ఇంగ్లీషు కంపెనీవాళ్ళ పెద్దమనుషుల కారుది. నా మనసంతా దాని మీదే. బోల్టుల కన్నాలు అచ్చుగుద్దినట్టు కలిశాయి, పళ్ళకి పళ్ళు నెయ్యిలా కూర్చున్నాయి. మూడోది యుద్ధం తర్వాత మిలటరీవాళ్ళు అమ్మేసిన జీపుది. మొరటు సరుకు. ఆరు వోల్టుల కోసం చేసింది, ఈ కారులో పన్నెండు వోల్టులు తగిలిస్తే పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. బిగించాలంటే మధ్యలో ఇనప పలక ఒకటి లేతు మీద కోయించాలి. పళ్ళు కలుస్తాయి గానీ సరిగ్గా కలవవు, వేసిన ప్రతిసారీ ఇంజను కడియాన్ని కాస్త కాస్త కొరుకుతుంది.

ఇదంతా చెప్పి, "రెండోది పెడదామండి, కారు మన్నుతుంది" అన్నాను.

"పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లేపుతుందా?"

"మహరాజులా లేపుతుందండి."

"ఎండలో అంతదూరం పోయి ఆపాననుకో. ఇంజను కాగి ఉంది. అప్పుడు?"

నేను కాస్త తగ్గాను. అది నెమ్మదైన ఇంజను కోసం చేసిన మోటారు. పందెపు ఇంజను కాగినప్పుడు బిగుసుకుంటుంది, తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. "ఒక్కోసారి మూలగొచ్చండి. కాసేపు చల్లారనిస్తే..."

"మూడోది?"

"అది ఎప్పుడైనా తిప్పుతుందండి. వేడనీ చల్లనీ చూడదు. కానీ కడియం పళ్ళు పోతాయండి. అవి పోతే ఇంజను మొత్తం విప్పాలి. కొన్నేళ్ళ కంటే రాదు. చేతులారా కారుని పాడుచేసుకోవడమండి ఇది." నిజంగా కోపమొచ్చింది నాకు. మంచి ఇంజను పాడవుతుంటే ఎవరికైనా కోపంగానే ఉంటుంది.

ఆవిడ మూడో మోటారు మీద చెయ్యి వేసింది.

"ఇంటి దగ్గర పొద్దున్నే లేవడం నాకెందుకయ్యా? ఇంటి దగ్గర తోసేవాళ్ళు బోలెడుమంది. ఎవరూ లేనిచోట లేవాలి."

అంతే. లేతు మీద పలక కోయించాను.

బిగించాను. "మీట చిటికేసినంత సేపే నొక్కండి, లేచిందనగానే వదిలెయ్యండి" అని నేర్పాను. హోటలు జనం అలవాటు ప్రకారం వచ్చి వెనక వరస కట్టారు. ఆవిడ కొంగు దోపుకుంది, కళ్ళు మూసుకుంది, నొక్కింది. కొడవలి రాతికి తగిలినట్టు ఒక్క చప్పుడు, వెంటనే ఇంజను. ఆ ఇంజను చప్పుడు గురించి రాయాలని ఇప్పటికి నాలుగు కాగితాలు చించాను. రాయలేను. కడుపులో వినపడేది, చెవిలో కాదు.

కారు వెళ్ళిపోయింది. నలుగురూ చేతులు గాల్లో పెట్టుకుని, నడుములు వంచి, అలాగే ఉండిపోయారు. హోటలాయన ఆ దుమ్ములోకి "ఎందాకమ్మా?" అని అరిచాడు. ఆవిడ చెయ్యెత్తింది, వినపడిందన్నట్టు. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళముందు అలాగే ఎత్తి ఉంది.

మరిదిగారి బ్యాటరీలు ఆ తర్వాత మా కొట్టుకి రాలేదు. రాకపోతే పోనీ.

ఆవిడ ఎక్కడికి వెళుతోందో ఎవరికీ తెలియని రోజులు మొదలయ్యాయి. ఊరు ఎన్ని అల్లింది! బెజవాడలో ఎవరో ఉన్నారన్నారు. ముక్త్యాల రేవులో ఒక స్వామి దగ్గర మంత్రం తీసుకుంటోందన్నారు. వకీలు దగ్గరికెళ్ళి ఆస్తి పంపకాలకు కాగితాలు రాయిస్తోందన్నారు. అన్నవాళ్ళ మొహాలు నాకు ఇంకా గుర్తే.

ఒక ఎండాకాలం నేను పేట నుంచి నందిగామకు సైకిలు మీద వస్తున్నాను. చిల్లకల్లు దాటాక అప్పట్లో ఒక మిట్ట ఉండేది. ఎర్రనేల, తుమ్మకంప, కనుచూపు మేర నరపురుగు లేదు. మిట్ట మీద ఆకుపచ్చ కారు ఆగి ఉంది. వాలు మీద కాదు, సరిగ్గా చదునుగా ఉన్నచోట. లోపల ఆవిడ. ఇంకెవరూ లేరు.

సైకిలు పడేసి పరిగెత్తాను. అడక్కుండానే వెనక్కి పోయి చేతులానించాను. రేకు పెనంలా కాలింది.

"ఆగిపోయిందాండీ?"

"ఆపాను."

"ఎందుకండీ?"

"మళ్ళీ స్టార్టు చేద్దామని. చేతులు తియ్యవయ్యా, బొబ్బలెక్కుతాయి."

తీశాను. ఆవిడ కళ్ళు మూసుకుని మీట నొక్కింది. కాగిపోయిన ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. విన్నది, తాళం తిప్పి ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో తుమ్మకాయలు చిట్లడం వినపడింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది.

"అమ్మగారూ, పళ్ళండీ! అరిగిపోతాయండీ!"

"అరగనీవయ్యా. దాచుకుని ఏం చేసుకుంటాను?"

నవ్వింది. నాకు తెలిసి ఆవిడ పళ్ళు కనపడేలా నవ్వడం అదొక్కసారే. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు ఎందాకా అని అడగలేదే?"

"అడగాలనిపించలేదండి."

"అందుకే చెబుతున్నా. ఇక్కడిదాకానే. ఇంతకన్నా ఎక్కడికీ పోను."

పేటవైపు తిప్పుకుని వెళ్ళిపోయింది. చప్పుడు పూర్తిగా పోయేదాకా నుంచున్నాను. ఇక వినపడదని తెలిశాక కూడా కాసేపు నుంచున్నాను. ఆ మిట్ట గురించి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చెప్పొద్దని అనలేదు, అది చెప్పుకునే సంగతి కాదు.

అరవైల్లో ఒకనాడు పళ్ళు నిజంగానే అయిపోయాయి. మోటారు తిరుగుతోంది గానీ కడియానికి పట్టు లేదు. ఆవిడ మిట్ట మీదే కారు వదిలేసి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి పోయింది. కాళ్ళనిండా ఎర్రదుమ్ముతో గడపెక్కితే మరిదిగారు మర్యాద మరిచి "కారెక్కడ వదినా?" అనేశాట్ట. ఆవిడ కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళిందిట. గొర్రెలవాళ్ళు చూసి చెప్పేదాకా కారెక్కడుందో ఆయనకు తెలీలేదు. ఎడ్లు కట్టి ఈడ్చుకొచ్చి కొట్టంలో పెట్టించాడు.

తర్వాత ఆవిడ బస్సు దిగి మా కొట్టుకొచ్చింది. అదే పెట్టె మీద కూర్చుంది.

"నువ్వు చెప్పినట్టే అయిందయ్యా."

"ఇంజను విప్పి కొత్త కడియం వేద్దామండి. మద్రాసులో చేసిస్తారంట."

"వద్దులే. అక్కడిప్పుడు సున్నపురాయి లారీలు తిరుగుతున్నాయి. రెండు నిమిషాలు ఆగితే ఎవడో ఒకడు దిగి, ఏమైందమ్మా, తొయ్యమంటారా అంటున్నాడు." కాసేపు బల్ల మీది సామాను చూసింది. "నువ్వన్న ఆ మెత్తటిది పెట్టుంటే కారు ఇప్పటికీ ఉండేదంటావా?"

"ఉండేదండి." ఆవిడతో నేను అబద్ధమాడలేదు.

"ఉండేది. కొట్టంలో" అంది.

లేచి బస్సెక్కింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, బజార్లో కనపడేది. ఏమయ్యా అంటే ఏమండీ అనుకునేవాళ్ళం. కారు ఊసు ఎప్పుడూ రాలేదు.

మొన్న పదకొండో రోజుకి వెళ్ళొచ్చాను. పిలవలేదు, వెళ్ళాను. మరిదిగారి కొడుకుని అడిగాను, ఆ కారేమైందని. "ఏ కారండీ?" అన్నాడు. పక్కనున్న ఆయన గుర్తు చేస్తే "ఆ తుప్పుదా, పాతసామానుకి ఇచ్చేశాంగా" అన్నాడు. విస్తరి ముందు నుంచి లేచొచ్చేశాను.

ఆటో ఎక్కి నందిగామవైపు పోనిమ్మన్నాను. చిల్లకల్లు దాటాక ఆపమన్నాను. మిట్ట లేదు, రోడ్డు కోసం కోసేశారు. అటూ ఇటూ సిమెంటు లారీలు, తెల్లదుమ్ము, డాబాలు, తగరపు గుట్కా పొట్లాల తోరణాలు. ఎవరూ లేనిచోటు ఈ రోడ్డు మీద ఇక ఎక్కడా లేదు.

"ఇంజనాపవోయ్" అన్నాను. ఆపాడు. లారీల మోతలో ఆగిందో లేదో కూడా తెలియలేదు.

"ఇప్పుడు స్టార్టు చెయ్యి."

"ఏంటి తాతా, స్టార్టవదని డౌటా?"

"కాదులే. చెయ్యి."

బొటనవేలితో నొక్కాడు. కళ్ళు మూసుకున్నాను. చిన్న ఇంజను, చిన్న చప్పుడు. అయినా విన్నాను.

"ఇంతకీ ఎందాకా తాతా?" అన్నాడు.

"ఇక్కడిదాకానే" అన్నాను.